రెండో నంబరు బటన్

ఆసుపత్రి దుప్పటి ఒక్కరు మడిచేది కాదు. ఇద్దరుండాలి. చెరో రెండు కొనలు పట్టుకుని, గట్టిగా ఒక్కసారి విదిలించి, మరక ఉందో చిరుగుందో వెలుతురుకెత్తి చూసుకుని, నిలువునా మడిచి, ఎదురెదురు నడిచి కొనలు కలపాలి. నా కొనలు ఆమె చేతిలో పెట్టి, కింద వేలాడే మడత నేనందుకోవాలి. పదకొండేళ్లు నేనీ పని ఒకే మనిషితో చేశాను. లాండ్రీలో ఆమెను అందరూ తీర్పక్క అనేవారు.

ఆ పేరు ఊరికే రాలేదు. ముందురోజు సాయంత్రం టీవీలో చూసినదాని మీద మర్నాడు పొద్దున దుప్పట్ల దగ్గర తీర్పు చెప్పేది. దుప్పటి విదిలించేటప్పుడు కథ మొదలయ్యేది, మడిచేటప్పుడు నడిచేది, కొనలు కలిసి మేమిద్దరం మొహాలెదురుగా నిలబడ్డప్పుడు తీర్పు పడేది. నాకు టీవీ లేదు. ఉన్న రోజుల్లో మా ఆయన చూసేవాడు, ఆయన పోయాక దాన్ని మా మరిదికిచ్చేసి హాయిగా ఉన్నాను. అయినా ఈ మధ్య రెండేళ్లలో వచ్చిన ఒక కామెడీ, ఒక డ్రామా నన్నడిగితే ఇప్పటికీ ఎపిసోడ్ ఎపిసోడూ చెప్పగలను. ఒక్కటీ చూడలేదు. అన్నీ దుప్పటి అవతలి కొసనుంచి విన్నవే.

కామెడీ అంటే మొగుడూ పెళ్లాల కామెడీ. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజూ సాయంత్రం ఏడింటికి. మొగుడు తెలివైనవాడు, పెళ్లాం లావుపాటిది, నోరున్నది. అందులో ఏం జరిగినా చివరికి ఆమె ఎక్కడో ఒకచోట జారి పడాలి.

"నిన్న వాడు చెవిటివాడైపోయాడే" అంది ఒకరోజు దుప్పటి విదిలిస్తూ. "నిజంగా కాదు, నటన. పెళ్లాం మాటలు వినలేక వారం రోజులు చెవుడొచ్చినట్టు నటించాడు. ఆవిడేమో నిజమనుకుని డాక్టర్ల చుట్టూ తిరిగింది."

"బాగానే ఉందిగా అక్కా, నవ్వొచ్చేలాగే ఉంది" అన్నాను.

కొనలు కలిశాయి. "నవ్వారు. టీవీలో వెనక నవ్వేవాళ్లు గదంతా దద్దరిల్లేలా నవ్వారు. వాడు వారం రోజులు వినలేదంటే నవ్వారు. ఆవిడ వారం రోజులు గోడతో మాట్లాడింది కదా, దానిగురించి ఒక్కడికీ పట్టలేదు" అంది.

ఇంకోసారి ఆ పెళ్లాం డ్రైవింగ్ నేర్చుకోబోయి గోడను గుద్దింది. "గోడను గుద్దకుండా బండి నడిపే ఆడది ఆ రాసేవాడికి పుట్టి బుద్ధెరిగాక ఎదురుపడినట్టు లేదు. మన అంబులెన్సు నడిపే ఆవిణ్ణి ఓసారి వాళ్లింటికి పంపుదామా?" అంది. ఇస్త్రీ మిషన్ దగ్గరున్న ఇస్త్రీ ఆయన కూడా పగలబడి నవ్వాడు. అసలు కామెడీ రాయడం ఆమెకిచ్చి ఉంటే బాగుపడేదని నాకెన్నోసార్లు అనిపించింది.

అలాగని ఆమెది గుడ్డి కోపం కాదు. అదే కామెడీలో ఒకసారి మామగారు బాత్‌రూములో ఇరుక్కుపోతాడట. తలుపు రాదు. బయట కూర్చుని ఇంట్లోవాళ్లు ఒక్కొక్కరూ ఆయనకు ఎదురుగా చెప్పలేని నిజాలన్నీ తలుపుకు చెబుతారట. "ఇది మాత్రం బాగుంది. రాసినవాడు వేరేవాడై ఉంటాడు" అని ఆ రోజు మంచి మార్కులే వేసింది.

డ్రామా సంగతి వేరు. అదీ ఏడింటికే, వేరే చానల్‌లో. యాభై దాటిన ఆడమనిషి, పోస్టాఫీసులో పని. ఒకరోజు పొద్దున ఒక్క సంచీ తీసుకుని తన ఇంటికి నాలుగు వీధుల అవతల ఒక గది అద్దెకు తీసుకుంటుంది. ఎందుకో చెప్పదు. మొగుడు అడుగుతాడు, చెల్లెలు అడుగుతుంది, ఇల్లుగలావిడ తలుపు సందులోంచి అడుగుతుంది. ఎవరికీ చెప్పదు. పోట్లాట లేదు, ఏడుపు లేదు. పొద్దున్నే లేచి పనికి వెళ్తుంది, సాయంత్రం తన గదికి వస్తుంది.

"నిన్న ఏమైందక్కా?"

"బల్బు మార్చుకుంది."

"తర్వాత?"

"తర్వాతేముంది, వెలిగింది." కొనలు కలిపింది. "ఇరవై నిమిషాలు ఒక మనిషి బల్బు మార్చుకుంది. పక్కింటి నుంచి స్టూలు తెచ్చుకుంది, ఎక్కింది, ఒకసారి తూలింది, దిగింది, మళ్లీ ఎక్కింది. ఎవరూ వచ్చి 'నువ్వు దిగు, నేను చేస్తా' అనలేదు. నాకు కళ్లల్లో నీళ్లొచ్చాయే."

ఆ డ్రామాకూ చీవాట్లు పడ్డాయి. ఆమె కిటికీ దగ్గర కూర్చుంటే చాలు వాన కురిపించి వెనకాల వాయిద్యం వేసేవారట. "ఆ వానెందుకు? ఆడమనిషి ఊరికే కూర్చోకూడదా? కూర్చుంటే దిగులే అయ్యుండాలా?" అని మండిపడింది.

నాకొక్కదానికే చెప్పిన సంగతి ఇంకోటుంది. చెప్పకూడదని షరతట, చెవిలో చెప్పింది. వాళ్లింట్లో టీవీ పక్కన ఒక పెట్టె ఉంది. ఏ ఇంట్లో ఎవరు ఏ చానల్ చూస్తున్నారో లెక్కతీసే కంపెనీవాళ్లు పెట్టింది. దానికో చిన్న రిమోటు, దానిమీద నంబర్లు. ఒకటి వాళ్లాయన. రెండు ఆమె. మూడు వాళ్లబ్బాయి, వాడు పెళ్లి చేసుకుని వేరు వెళ్లిపోయాక ఆ బటన్ ఊరికే ఉంది. గదిలోకి వచ్చి టీవీ ముందు కూర్చున్నవాళ్లు తమ నంబరు నొక్కాలి. లేచి వెళ్లేటప్పుడు మళ్లీ నొక్కాలి. పెట్టె బిగించిన మనిషి వెళ్తూ వెళ్తూ, "మీ ఒక్క ఇల్లు నాలుగు వేల ఇళ్ల లెక్కమ్మా" అన్నాడట.

ఆ మాట ఆమె నెత్తిన పెట్టుకుంది. తప్పేముంది? తీర్పక్క అని మేం పేరు పెట్టాం గానీ, ఆమె తీర్పు దుప్పట్ల గది దాటి ఎక్కడా చెల్లలేదు. చదువు మానిపించినప్పుడు అడగలేదు, పెళ్లి కుదిర్చినప్పుడు అడగలేదు. ఇంటి గోడలకు ఏ రంగు వేయాలో, కొడుకును ఏ బడిలో చేర్చాలో, అన్నీ అయిపోయాక తెలిసేవి. లాండ్రీలో ఇరవై ఆరేళ్ల సర్వీసు, కొత్త మిషన్ ఎక్కడ పెట్టాలో సూపర్‌వైజరు ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు. అలాంటి మనిషికి నువ్వు నాలుగు వేల మందివి అని ఎవరో చెప్పారు. ఆ పెట్టె మీద దుమ్ము పడకుండా, పనికిరాదని పక్కన పడేసిన ఒక చిరుగుల దుప్పటి అడిగి తీసుకెళ్లి, బాగున్న ముక్క కత్తిరించి, అంచులు కుట్టి కప్పింది. అంత అపురూపం.

ఇక బావగారు. వాళ్లాయన్ని నేను బావగారనే పిలుస్తాను. చెడ్డవాడని చెప్పను. చెప్పాలని ఉంది గానీ చెప్పను. ఎనిమిదంతస్తుల ఆఫీసులో ముప్పై నాలుగేళ్లు లిఫ్టు నడిపి రిటైరయ్యాడు. మూలన స్టూలు, ఎదురుగా బటన్లు. ఆయన గొప్పంతా ఒక్కటే, ఎవరినీ ఏ అంతస్తని అడగకపోవడం. "అడిగితే ఇంక నేనెందుకమ్మాయీ? మొహం చూస్తాను, నొక్కేస్తాను. అకౌంట్సు పెద్దాయన ఒకరోజు ఆరుకి పోవాలనుకున్నాడట, నేను నాలుగు నొక్కాను. నాలుగులో దిగి, 'నువ్వు నొక్కావంటే నాకిక్కడే పనుండుంటుందిలే' అన్నాడు" అని కనపడ్డ ప్రతిసారీ చెప్పి మురిసిపోయేవాడు. పాపం ఆ అకౌంట్సు పెద్దాయన మెట్లెక్కి ఆరుకి పోయి ఉంటాడని నేను మనసులో అనుకునేదాన్ని.

ఉన్న టీవీ ఒకటి, ఏడింటికి కావలసినవి రెండు. చాలా గొడవల మీద ఒప్పందం కుదిరింది. సోమ, బుధ, శుక్రవారాలు ఆయన కామెడీ. మంగళ, గురువారాలు ఈమె డ్రామా. తప్పిపోయిన డ్రామా ఎపిసోడ్లు ఈమె కొడుకింటికి ఆదివారం వెళ్లినప్పుడు కోడలి ఫోన్‌లో చూసుకునేది. ఆయన రోజుల్లో ఈమె కామెడీ మాటలన్నీ వంటింట్లోంచే వినేది గానీ అడుగు బయటపెట్టేది కాదు. "గదిలో ఉంటే బటన్ నొక్కాలి. నొక్కితే ఆ చెవిటి మొగుడికి నాలుగు వేల మందిని నా చేత్తో నేనిచ్చినట్టు. చచ్చినా నొక్కను" అనేది.

ఒక గురువారం వాళ్లింటికి వెళ్లాను. ఏడు కొట్టబోతుంటే బావగారు కుర్చీలోంచి, "ఏడవుతోంది, నీ డ్రామా!" అని వంటింట్లోకి కేకేసి, చానల్ మార్చి, పెట్టె రిమోటు తీసుకుని టకటకా నొక్కి, కుర్చీ ఖాళీ చేసి వరండాలోకి వెళ్లిపోయాడు. ఎంత మర్యాదస్తుడో అనుకున్నాను. అక్క తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, కూర్చోకముందే రిమోటు అందుకుని, రెండో నంబరు మీద బొటనవేలు ఆనించి గట్టిగా ఒక్కసారి నొక్కింది. ఓటేసినంత శ్రద్ధగా నొక్కింది. ఇదంతా నా కళ్లముందే జరిగింది. నాకేమీ తట్టలేదు.

పిడుగులాంటి కబురు ఇస్త్రీ ఆయన పేపర్లోంచి వచ్చింది. "అక్కోయ్, నీ గది డ్రామా ఆపేస్తున్నారట. ఇంకో నెలలో లెక్క పెరగకపోతే మూసేస్తారట. చూసేవాళ్లు లేరట."

దుప్పటి సగం మడతలో ఆగిపోయింది. "లేకపోవడమేంటి? నేను చూస్తున్నానుగా" అంది.

ఇస్త్రీ ఆయనకు పెట్టె సంగతి తెలియదు కాబట్టి నవ్వేశాడు. "నువ్వొక్కదానివి చూస్తే ఎంత, చూడకపోతే ఎంతక్కా!"

ఆమె నావైపు చూసింది. నేను తల దించుకున్నాను. కొనలు కలిపి మెల్లగా అంది, "వారంలో రెండ్రోజులే పడుతోంది నా లెక్క. అదే తక్కువైందేమో. ఐదు రోజులూ పడాలే."

ఐదు రోజులూ పడాలంటే బావగారు ఒప్పుకోవాలి. ఊరికే ఒప్పుకునే మనిషా? ఏటా ఆయన పాత ఆఫీసువాళ్లు కలిసి భోజనాలు పెట్టుకుంటారు. అక్కకు అది నరకం. అవే లిఫ్టు కథలు, అవే మొహాలు, ఐదేళ్లుగా తలనొప్పని తప్పించుకుంటోంది. ఈసారి వస్తానంది. వచ్చి పక్కనే కూర్చుంటానంది. అకౌంట్సు పెద్దాయన కథకు నవ్వుతానని కూడా ఒప్పుకుంది. బదులుగా నెల రోజులు ఏడింటికి టీవీ ఆమెది.

వెళ్లింది. నవ్వింది. "రెండుసార్లు చెప్పాడే, రెండుసార్లూ నవ్వాను. దవడలు నొప్పి పుట్టాయి" అంది మర్నాడు.

ఆ నెల ఆమెను చూడాలి. ఏడింటికి ఇంట్లో ఉండాలని, బస్సు తప్పిపోతుందని, డ్యూటీ దిగీ దిగగానే పరుగు. మధ్యలో జ్వరం తగిలింది. మూడు రోజులు పనికి రాలేదు గానీ డ్రామా ముందు మాత్రం కూర్చుంది. "కళ్లు తెరుచుకుని ఉంటే చాలు, బటన్ నొక్కానుగా" అంది. పొద్దున్నే తీర్పులతో పాటు ఆశ కూడా చెప్పేది. "నిన్నటిది గొప్పగా ఉందే. మొగుడు గది దాకా వచ్చాడు. ఈమె తలుపు తీసింది, కుర్చీ వేసింది, టీ ఇచ్చింది. ఎందుకెళ్లిపోయావని అడిగాడు. 'టీలో చక్కెర సరిపోయిందా' అంది. అంతే. అబ్బ! ఇది ఆపేస్తారా? ఎలా ఆపుతారు?"

ఆపేశారు. నెల తిరిగేసరికి చివరి ఎపిసోడ్ అని ప్రకటించారు.

మర్నాడు ఆమె తీర్పు కోసం నేను ఎదురుచూశాను. పది దుప్పట్లు మడిచాం, నోరు విప్పలేదు. పదకొండోది వెలుతురుకెత్తినప్పుడు ఆ దుప్పటి వెనకనుంచి గొంతు వినపడింది.

"మొగుడికి జబ్బు చేసిందట. ఒక్క ఎపిసోడ్‌లోనే జబ్బు చేసింది, మంచం పట్టాడు, కబురొచ్చింది. సంచీ సర్దుకుని ఇంటికెళ్లిపోయింది. వెళ్లి కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చింది. 'నాదే తప్పు' అంది. వెనకాల వాన." దుప్పటి దించింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "అది ఆమె కాదే. ఆమె అలా అనదు. ఎవరో ఆమె నోట్లో పెట్టారు. చేతులు దులుపుకుని పోవాలని తొందరలో పెట్టారు."

ఆ దుప్పటి మీద మరక ఉంది. మేమిద్దరం చూడలేదు. సూపర్‌వైజరు చేత చీవాట్లు తిన్నాం.

తర్వాతి వారం పెట్టె కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. వాళ్లింటి గడువు అయిపోయింది, పెట్టె తీసుకెళ్లి వేరే ఇంట్లో పెడతారట. మాకు సెలవురోజు మధ్యాహ్నం వస్తామన్నారు. "నువ్వూ రావే. ఆ పెట్టె మనిషికి నేనొకటివ్వాలి, పక్కన నువ్వుంటే ధైర్యంగా ఉంటుంది" అంది అక్క.

వెళ్లేసరికి ఆమె దగ్గర నాలుగు కాగితాలున్నాయి. లాండ్రీలో వాడేసిన వార్డు చీటీల వెనకవైపు గుండ్రటి అక్షరాలతో రాసింది. బల్బు ఎపిసోడ్ ఎందుకు బాగుందో, వాన ఎందుకు అక్కర్లేదో, చెవిటి మొగుడి కామెడీలో తప్పేమిటో, చివరి ఎపిసోడ్ ఎలా ఉండాల్సిందో. "నచ్చలేదని చెప్పడానికి అందులో బటన్ లేదుగా. అందుకే రాశాను" అంది.

పెట్టె మనిషి యాభై ఏళ్లవాడు, నెమ్మదస్తుడు. వైర్లు విప్పబోయే ముందు చేతిలో ఫైలు తెరిచాడు. "అమ్మా, మీ ఇంటి గురించి మా ఆఫీసులో ఒకటే ప్రశ్న. తీసేసేముందు అడిగి రమ్మన్నారు. మీరు టీవీ ఆపడం మర్చిపోయి బయటికి వెళ్తుంటారా?"

"లేదే. ఎందుకు?"

"మంగళ, గురువారాలు సాయంత్రం ఏడింటికి టీవీ నడుస్తూ ఉంటుంది, ఆ పోస్టాఫీసు ఆవిడ డ్రామా వస్తూ ఉంటుంది. గదిలో మాత్రం ఎవరూ ఉండరు. పోయిన నెలైతే వారంలో ఐదు రోజులూ అంతే. ఖాళీ గది."

అక్కకు అర్థం కాలేదు. "నేనున్నానుగా బాబూ" అంది.

"పెట్టె లేరంటోందమ్మా. ఎవరూ లేని గదిని మేం లెక్కలోకి తీసుకోం." అతను ఇంకో కాగితం తిప్పాడు. "పైగా మీకు కామెడీ అంటే ప్రాణం కదా. పోయిన నెలకు ముందు దాకా సోమ, బుధ, శుక్రవారాలు రెండో నంబరు ఒక్కరోజు తప్పలేదు. మొత్తం మీ ప్రాంతంలోనే అంత నిలకడగా చూసినవాళ్లు లేరు."

కుర్చీలో కూర్చున్న బావగారి చేతిలో పెట్టె రిమోటుంది. నేను ఆయన బొటనవేలి వంక చూశాను. అప్పుడు తట్టింది నాకు, ఆ గురువారం టకటకమన్న చప్పుడు.

"ఆ బటన్ రెండుసార్లు నొక్కితే ఏమవుతుంది?" అన్నాను.

పెట్టె మనిషి గుడ్డ తీసి పక్కన పెట్టాడు. రిమోటు అడిగి తీసుకుని రెండు నొక్కాడు. పెట్టె మీద చిన్న పచ్చదీపం వెలిగింది. మళ్లీ నొక్కాడు. ఆరిపోయింది. "ఒకసారి నొక్కితే వచ్చినట్టు, ఇంకోసారి నొక్కితే వెళ్లినట్టు. టీవీ కట్టేస్తే అన్నీ ఆరిపోతాయి. అందుకేగా దీపాలు చూసుకోమని మొదటిరోజే చెప్పింది. గుడ్డ కప్పేస్తే ఎలా కనపడతాయమ్మా?"

అక్క మొగుడి వైపు తిరిగింది. "మీరు నొక్కేవారా?"

"నీ చేతులు తడిగా ఉంటాయిగా. ఎలాగూ వస్తున్నావు, నేనే నొక్కేస్తే ఓ పనైపోతుందని..." బావగారు నీళ్లు నమిలాడు. "ఆ తర్వాత నువ్వు మళ్లీ నొక్కుతున్నావని నాకేం తెలుసు? నేను వరండాలో ఉంటానాయె."

"మరి కామెడీకో? నేను వంటింట్లో ఉంటే నా బటనెందుకు నొక్కారు?"

"ఇంట్లోనే ఉన్నావుగా. అక్కడికి వినపడుతూనే ఉంటుందిగా." ఆయనకు ఇందులో అంత కోపగించుకోవాల్సిందేముందో నిజంగానే తెలియలేదు. అది మొహంలో కనపడుతూనే ఉంది. నాకు ఒళ్లు మండిందీ అందుకే. "ఒక్కణ్ణే కూర్చుని చూస్తున్నట్టు పడితే ఏం బాగుంటుంది చెప్పు?"

"ఎప్పుడైనా నవ్వానా నేను? వంటింట్లోంచి నా నవ్వు ఒక్కసారి వినపడిందా మీకు?"

ఆయన పెట్టె మనిషి వైపు చూశాడు, సాయం చేయమన్నట్టు. అతను పాపం ఉన్నమాటే చెప్పాడు. "నవ్వారా లేదా, నచ్చిందా లేదా, అది దీనికి తెలీదమ్మా. చూస్తే చాలు, లెక్కే."

"ముప్పై నాలుగేళ్లు లిఫ్టులో నొక్కారు. వాళ్లు కనీసం దిగి మెట్లెక్కి పోయేవాళ్లు" అంది అక్క. గొంతు పెంచలేదు. "ఈ ఇంట్లో నేను ఏ అంతస్తుకు పోవాలో ఒక్కసారంటే ఒక్కసారి అడిగారా?"

బావగారి మొహం మాడిపోయింది. పెట్టె మనిషి గబగబా వైర్లు విప్పుకోవడం మొదలుపెట్టాడు.

నాలుగు కాగితాలూ అతనికివ్వమని నేనే అన్నాను. "ఇలాంటివి మేం తీసుకోమమ్మా. తీసుకుని ఏం చేయాలో కూడా నాకు తెలియదు" అన్నాడు ఇబ్బందిగా. వెళ్తూ వెళ్తూ ఒక కవరు ఇచ్చాడు. అందులో అచ్చువేసిన ఉత్తరం, మీ అభిప్రాయం మాకెంతో విలువైనది అని. కింద పేరు రాయాల్సిన గీత ఖాళీగా ఉంది.

అక్క ఆ ఉత్తరాన్ని, తన కాగితాల్ని ఒక్కచోట పెట్టి, పెట్టె మీద కప్పిన గుడ్డ తీసుకుని మడిచింది. చిన్న గుడ్డ, ఒక్కరే మడుచుకోవచ్చు. నేను చేయి చాచాను గానీ ఇవ్వలేదు. "ఇంకో నాలుగు వేల మంది ఉంటే నిలబడేదేమో అది" అంది నాతో. "నాలుగు వేల మందిని పట్టుకెళ్లి ఆ చెవిటి మొగుడికిచ్చాను. నేనున్న చోట ఖాళీ. నేను లేని చోట నేను."

ఒక్క ఇల్లు తగ్గినంత మాత్రాన డ్రామా ఆగిపోతుందా అని మీరడగొచ్చు. నేనూ అదే చెప్పి ఓదార్చబోయాను. ఆమె వినలేదు, విననవసరం లేదు కూడా. ఎన్ని ఇళ్లలో ఎన్ని తడిచేతుల తరఫున ఎవరెవరు నొక్కారో నాకేం తెలుసు?

మర్నాడు ఆమె సూపర్‌వైజరు దగ్గరికి వెళ్లి సాయంత్రం డ్యూటీ అడిగింది. ఒంటిగంట నుంచి తొమ్మిది దాకా. ఎవరూ కోరి అడగని డ్యూటీ అది, మేమంతా తప్పించుకోవడానికి నానా పాట్లు పడే డ్యూటీ. "రిటైర్మెంటుకి రెండేళ్లుంది, ఇప్పుడెందుకమ్మా? ఇంట్లో ఏమైనా ఇబ్బందా?" అనడిగాడు సూపర్‌వైజరు.

"సంతకం ఎక్కడ పెట్టాలి?" అంది.

ఇస్త్రీ ఆయన అడిగాడు. దుప్పట్లు మోసుకొచ్చే ఆయా అడిగింది. కొడుకు ఫోన్ చేసి అడిగాడట. ఎవరికీ చెప్పలేదు. నేనడగలేదు. నా డ్యూటీ కూడా మార్పించుకున్నాను, తిట్టుకుంటూనే. పదకొండేళ్ల అలవాటు, ఇంకొకరితో నాకు కొనలు కలవవు.

ఇప్పుడు తీర్పులు లేవు. ఏడు కొట్టేటప్పటికి మేం ఆరో వార్డు దుప్పట్ల దగ్గరుంటాం. గోడ గడియారం వంక ఒకసారి చూస్తుంది, విదిలిస్తుంది, వెలుతురుకెత్తుతుంది. తీర్పక్క అని పిలిస్తే పలకడం మానేసింది. మొన్నమొన్నటిదాకా ఆమె మాటలకోసమే మిషన్ ఆపుకుని వినే ఇస్త్రీ ఆయన, "నిన్న కొత్త డ్రామా మొదలైందక్కా, చూశావా?" అని కదిపాడు. "నన్నెందుకడుగుతావు, మా ఆయన్నడుగు. నా చూపు కూడా ఆయనే చూసిపెడతాడు" అంది. అతను మళ్లీ అడగలేదు.

పోయిన వారం మధ్యాహ్నం నేను డ్యూటీకి బయల్దేరుతుంటే బావగారు మా ఇంటికొచ్చాడు. ఎప్పుడూ రాని మనిషి. చొక్కా ఇస్త్రీ లేదు. గుమ్మం దగ్గరే నిలబడి, "మీ అక్క డ్యూటీ ఎందుకు మార్చుకుందో నీకు తెలుసా అమ్మాయీ?" అన్నాడు.

"అడగలేకపోయారా?" అన్నాను.

"అడిగాను. నిజంగా అడిగాను." ఆ మాట రెండుసార్లన్నాడు. "కూరలో ఉప్పు సరిపోయిందా అంది."

నేను చెప్పులు వేసుకున్నాను. ఆయన కదల్లేదు. "ఒక్కణ్ణే చూస్తుంటే ఆ కామెడీకి నవ్వు రావడంలేదమ్మాయీ" అన్నాడు. ఎంత కోపమున్నా నాకు జాలేసింది.

ఆ సాయంత్రం ఏడు దాటాక, కొనలు కలిసి మొహాలెదురుగా నిలబడ్డప్పుడు ఆ మాట ఆమెకు చెప్పేశాను. ఆయన అన్నది అన్నట్టే చెప్పాను.

అక్క నా చేతిలోంచి కొనలు తీసుకుంది. ఎన్నాళ్ల తర్వాతో మళ్లీ ఆ పాత తీర్పు గొంతు వినపడింది.

"నవ్వు రాకపోతేనేం? చూస్తే చాలు, లెక్కే" అంది.

ఇంకో దుప్పటి తీసి రెండు కొనలు నాకందించింది.